లిఫ్టుకు తగిలించిన అట్ట

కిందికి దిగివచ్చిన అక్క, ఆదివారం చూడడానికొచ్చిన చెల్లెలు నాలుగో అంతస్తుకు మెట్లెక్కుతున్నారు. సంచి చెల్లెలి చేతిలో ఉంది. ఆయాసమూ ఆమెదే.

"రెండు నెలలైందక్కా. మీ లిఫ్టు బాగయ్యేలోపు నా మోకాళ్ళు అరిగిపోతాయి."

"కబుర్లాపి కాళ్ళు కదుపు. సంచిలో ఏంటి?"

"పళ్ళు, ఆకుకూరలు. స్వీట్లు తెస్తే గుమ్మంలోనే నా దుమ్ము దులిపేస్తావుగా."

"శనివారం మందు?"

"మానేశాను. నీ మరిది ఒక్కడే తాగుతున్నాడు, మొహం వేలాడేసుకుని."

"వాడి సంగతి కూడా చూద్దాంలే."

"ఇవన్నీ చేస్తే నాకు రాదని రాసిస్తావా?"

"అలా ఎవరూ రాసివ్వరే. అవకాశం కాస్త తగ్గుతుందన్నారు, అంతే. నా రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలినరోజు డాక్టరమ్మ ఏమడిగిందో తెలుసా? చెల్లెళ్ళున్నారా అని. అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకొచ్చింది."

చెల్లెలు మూడో అంతస్తు దగ్గర ఆగి, సంచి కింద పెట్టింది.

"సోమవారం పరీక్షకి వెళ్తున్నాను. తోడొస్తావా?"

"రాకుండా ఉంటానా? సరే, ఒకటి చెప్తాను, కోప్పడకు. లిఫ్టుకి ఏమీ కాలేదు. నువ్వొచ్చే ముందు 'పనిచేయదు' అని అట్ట తగిలించేది నేనే. నువ్వెళ్ళాక తీసి మీటరు పెట్టె వెనక దాచేస్తాను."

"తెలుసు. పోయిన ఆదివారం నువ్వు మర్చిపోయావు. నువ్వు దిగొచ్చేలోపు నేనే తీసి తగిలించాను."