తొమ్మిది దగ్గర ఆగిన వేలు

ఈ రంగుల కాగితాలు ముందు నా బల్ల మీంచి తీసేయండమ్మా. "మీ పిల్లల్ని అర్థం చేసుకోండి" అట! నాకు డెబ్భై ఆరేళ్ళొచ్చాయి, నన్ను అర్థం చేసుకోడానికి ఒక్కడైనా రైలెక్కి వచ్చాడా ఇక్కడికి? మీరు మాత్రం ఒక పిల్ల తిండి మానేసిందని బుడాపెస్ట్ నుంచి పరిగెత్తుకొచ్చారు. మన యూదుల పిల్లల్లో ఆడా మగా తారుమారైనవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక సంఘమట, వాళ్ళకి ధైర్యం చెప్పడం మీ ఉద్యోగమట. బాగుంది.

కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దానికి కాలు ఊగుతుంది. కోటు విప్పకండి, పదింటిదాకా హీటరు వెయ్యను.

ఎవరూ? ఆ సొమ్లో వాళ్ళ ఫ్లోరా. మీకేమో మగపేరుతో బెనీ. నాకేం, మీరు బెనీ అనుకోండి, మోషే ప్రవక్త అనుకోండి. దానికి ఈ మందిరంలోనే పేరు పెట్టారు, నేను పక్కనే ఉన్నాను. ఆడపిల్ల పేరే పెట్టారు. ఇదిగో, ఈ గదిలోనే కేకు కూడా తిన్నాం.

వాళ్ళ నాన్న ఆందోర్ కట్టుడుపళ్ళు చేసేవాడు. నా నోట్లో ఉన్నవి వాడు చేసినవే. మంచోడు, కానీ మరీ మెతక. పద్నాలుగేళ్ళ కూతురు జుట్టు కత్తిరించేసుకుని, ఆడవాళ్ళు కూర్చునే పైమేడ దిగొచ్చి, వాళ్ళ తాత ప్రార్థన శాలువా కప్పుకుని మగాళ్ళ బెంచీలో కూర్చుంటే ఏమన్నాడో తెలుసా? "ఆర్మిన్ బాబాయ్, వీడు నా కొడుకు. అంతే" అన్నాడు. అంతేనట! టోపీ మార్చినంత తేలిక కాబోలు!

నేనూరుకుంటానా? ఇరవై ఏళ్ళుగా ఈ మందిరం తాళాలు నా దగ్గరే ఉన్నాయి. "మెట్లు అటున్నాయమ్మా ఫ్లోరా" అన్నాను, అందరూ వినేలా. ప్రతి శనివారం అనేవాణ్ణి. "గడ్డం ఎప్పుడు మొలుస్తుందే?" అని కూడా అడిగాను. నవ్వారండీ జనం! ముఖం అలా పెట్టకండి, మీరున్నా నవ్వేవారు. అయినా అది మెట్లెక్కలేదు. వెనకాల గోడవార ఒక్కతే కూర్చునేది.

జనవరి సంగతి మీకెవరు చెప్పారు? అదే చెప్పిందా? ఊఁ.

మీ వయసువాళ్ళకి ఇవన్నీ తెలుసో లేదో. పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన, కద్దీష్, చెప్పాలంటే పదమూడేళ్ళు దాటిన మగాళ్ళు పదిమంది ఉండాలి. తొమ్మిదిమందే ఉంటే పుస్తకాలు మూసి ఇళ్ళకెళ్ళడమే. పైగా మనుషుల్ని నేరుగా లెక్కపెట్టకూడదు, దిష్టి. అందుకని ఒక్కొక్కళ్ళకీ వేలు చూపిస్తూ "ఒకడు కాదు, ఇద్దరు కాదు, ముగ్గురు కాదు" అనుకుంటూ పోతాం. ఇక్కడ ఆ వేలు నాది. నా వేలు ఎవడి మీద పడితే వాడే మనిషి.

ఆ రోజు మా ఇల్కా పోయిన తిథి. నా భార్య. బయట మోకాలిలోతు మంచు. ఎప్పుడూ తప్పకుండా వచ్చే ఎర్నో ఆసుపత్రిలో ఉన్నాడు. ఎనిమిదిమందిమి చేరాం. అరగంట చూశాం. ఇక లాభం లేదనుకుంటుంటే తలుపు తోసుకుని ఆందోర్ వచ్చాడు, తొమ్మిది. వాడి వెనకాల బూట్లు దులుపుకుంటూ వీడు.

ఏంటా చూపు? "వీడు" అన్నానా? పళ్ళు వదులయ్యాయమ్మా, చేసినవాడు పోయాక బిగించే దిక్కు లేదు.

లెక్కపెట్టాను. "తొమ్మిదిమంది కాదు" దగ్గర ఆందోర్ అయ్యాడు. ఆ తర్వాత నా వేలు గోడవారకి వెళ్ళింది. నేనే తిప్పాను, నా చెయ్యి ఎవరూ పట్టుకు తిప్పలేదు. "పదిమంది కాదు" అన్నాను. ఎవ్వడూ కిక్కురుమనలేదు, అందరికీ చలి. ఇల్కాకి కద్దీష్ చెప్పుకున్నాను. అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది ఆ పిల్లే. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఊపింది, ఎంతసేపటికీ వదల్లేదు. ఏడ్చిందనుకుంటా, నా చేతికి తడి అంటింది.

తర్వాతి శనివారమా? "మెట్లు అటున్నాయమ్మా ఫ్లోరా!" మరి? ఎర్నో ఆసుపత్రి నుంచి వచ్చేశాడుగా.

అక్టోబరులో ఆందోర్ పోయాడు. గుండె. చేతిలో ఎవరివో పళ్ళున్నాయట. ఏడు రోజుల సంతాపంలో వాళ్ళింట్లో వాడి తమ్ముడు కద్దీష్ చెప్పాడు. ఆయన వియన్నా వెళ్ళిపోయాక ఆందోర్‌కి చెప్పేందుకు మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. పొద్దున్నే వచ్చి కూర్చుంది. ఆందోర్ లేడు, ఎర్నో ఉన్నాడు, మళ్ళీ తొమ్మిదిమందిమే. నా వేలు తొమ్మిది దగ్గర ఆగింది. "పదోవాడు లేడు, ఇళ్ళకెళ్ళండి" అన్నాను.

అది లేచి నిలబడింది. "నేనున్నాను ఆర్మిన్ తాతా. జనవరిలో ఉన్నాను కదా!"

అందరి ముందూనండీ! మెల్లగా నా చెవిలో అనొచ్చుగా?

"ఏ జనవరి?" అన్నాను.

"ఇల్కా మామ్మ తిథి రోజు. మీరే నన్ను లెక్కపెట్టారు."

"నాకేం గుర్తులేదే! ఎవరికైనా గుర్తుందేమో చెప్పండయ్యా" అని చుట్టూ చూశాను. ఎనిమిది తలలూ పుస్తకాల్లోకి దిగిపోయాయి. ఎర్నోకి నిజంగా తెలీదు పాపం. మిగిలినవాళ్ళందరూ నా బాపతే.

శాలువా మడతపెట్టింది. అంచులు కలిపి, ఎంత ఒద్దికగా మడిచిందనుకున్నారు! బెంచీ మీద పెట్టేసి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి బడి లేదు, తిండి లేదు, మంచం దిగడం లేదని మీరే అంటున్నారు.

మీరడిగేది చిన్నదే, కాదనను. వాళ్ళింటికెళ్ళి "జనవరిలో నిన్ను లెక్కపెట్టాను" అని ఒక్క మాట. క్షమాపణ కూడా అక్కర్లేదందట కదా! ఆ మాటంటే చాలు, పిల్ల లేస్తుంది, నాలుగు ముద్దలు తింటుంది, వాళ్ళ నాన్నకి కద్దీష్ దక్కుతుంది.

అనొచ్చు. నోరేం పడిపోదు. కానీ అన్నాక ఆ ఎనిమిదిమంది ముందు నా ముఖం ఎక్కడ పెట్టుకోను? పెళ్ళానికో రూలు, ఆందోర్‌కో రూలు పెట్టినవాణ్ణి కానూ?

ఇంతదూరం వచ్చారు కాబట్టి ఇంకోటి కూడా చెప్తాను. వేలు ఆపినప్పుడు నాకు శాస్త్రం గుర్తొచ్చిందనుకున్నారా? ఏం కాదు. జనవరిలో దీన్ని మనిషిని చేసిందీ నేనే, ఇప్పుడు కాకుండా చేసేదీ నేనే అనిపించింది. హాయిగా ఉందమ్మా. ఇల్కా పోయాక అంత హాయి నేనెరగను.

ఏంటీ? అవును, అదీ తట్టింది. మీకంటే ముందే తట్టింది. జనవరిలో ఆ పిల్ల లెక్కలో లేకపోతే మేం తొమ్మిదిమందిమే. తొమ్మిదిమందితో చెప్పింది కద్దీషే కాదు. ఈ ఏడు ఇల్కాకి ఏమీ అందనట్టే.

రాసుకోండి మీ పుస్తకంలో. అందలేదు. నేనే చెప్తున్నా, కింద సంతకం కూడా పెడతా.

ఇల్కా ఓర్చుకుంటుంది లెండి. నలభై ఆరేళ్ళు నన్ను ఓర్చుకోలేదూ!