దోసిలి ఎవరిది?

ఆ ఇంటామెకి నీ పేరేమని చెప్పావే, జాయిస్? ఇంకోసారి చెప్పు, నా చెవులు సరిగ్గా విన్నాయో లేదో. జ్యోతా! నందిగామ బళ్లో పిల్లలకి జాయిస్ మేడమ్, గదికొచ్చి తాళం తీసేసరికి జ్యోతి. బొట్టుబిళ్ల కూడా పెట్టుకెళ్లావంట? పేరు చెబితే గదివ్వరు నాయనమ్మా, మన చేతిలో ఏముంది అంటావా? ఆ మాట మా ప్రేమదాసన్నయ్య ముందు అనాల్సింది నువ్వు. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది గానీ, నాకింకా ఆ గొంతు వినపడుద్ది. బెజవాడలో బి.ఏ. ఫిలాసఫీ చదివొచ్చాడు. మా సుబ్బమ్మ పిన్ని "అది కూడు పెడుద్దంట్రా?" అని ఎకసెక్కం. "కూడు పెట్టదు పిన్నీ, ఎలా తినాలో చెబుద్ది" అన్నాడు. మాటలే కాదు, అంతా అలాగే బతికేవాడు. జగ్గయ్యపేటలో బస్సు రాకపోతే అందరూ డ్రైవర్ని తిడుతుంటే, ఈయన "బస్సు నా చేతిలో లేదు, కాళ్లున్నాయి" అని నడక మొదలెట్టేవాడు. సగం దూరం పోయాక ఆ బస్సే ఈయన మొహాన దుమ్ము కొట్టుకుంటా పోయేది. నవ్వు, నవ్వు, మేమూ నవ్వాం.

ఉద్యోగం రాలేదా, మాతోపాటు వీరులపాడు దగ్గర మిరపకాయల కోతకొచ్చాడు. ఎండ, పైన ఆ ఘాటు, గొంతు మండిపోయేది. ఆసామి చెంబు పైకెత్తి ఒంచితే మేం వంగి దోసిలి పట్టాలి. మా తాతల్నించీ అంతే. ఈయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏరా బి.ఏ., దాహం లేదా?" "ఉందండి. గ్లాసులో పోస్తే తాగుతానండి." పిన్ని హడలిపోయింది. "పోసింది తాగరా నాయనా, మన చేతిలో ఏముంది?" "ఏముందా? దోసిలుంది పిన్నీ. చెంబు వాళ్లది, ఎంత ఎత్తునుంచి పోస్తారో వాళ్లిష్టం. దోసిలి మనది. పట్టాలా వద్దా అన్నది మనిష్టం." మనమంతా ఊరికే అనేసే ఆ మాటని ఆయన నిజంగా ప్రశ్న చేసుకుని, జవాబు వెతికాడే! నేను అప్పటికే దోసిలి పట్టి ఉన్నా. నాలిక పిడచకట్టుకుపోయింది. అయినా వేళ్లు విడదీసా. నీళ్లన్నీ పోయి ఆసామి కిర్రుచెప్పుల మీద పడ్డాయి. "రేపట్నించి ఒక్కరూ రావద్దు" అని అరిచాడు. మానేసాం. ఇంట్లో గంజే. పిన్ని రోజూ అన్నయ్యకి శాపనార్థాలు. చివరికి పండిన కాయ చెట్టుమీదే ఎండిపోతుంటే, రమ్మని కబురొచ్చింది. గ్లాసులు పెట్టారు. మాకు వేరేగా పెట్టారులే, దానిమీద మళ్లీ దెబ్బలాడాడు, ఆయన ఊరుకునే రకమా!

ఏంటీ, ఆ ఇంటామె వసుమతమ్మ మంచిదా? నిన్ను కూతురిలా చూస్తదా? ఎవర్ని చూస్తుందే, జ్యోతినా, నిన్నా? గది ఆమెది, ఇస్తుందో పొమ్మంటుందో ఆమె ఇష్టం. పేరు నీది. పొమ్మంటే ఇక్కణ్నించే బస్సులో తిరుగు, తెల్లారి లేచి నీకు క్యారేజీ నేను కడతా. ఇదిగో, ఏడుపాపు. పైట చెంగుతో మొహం తుడుచుకో. ఊఁ, ఫోను తియ్. ఆమెకి కలుపు. స్పీకర్లో పెట్టు, నేనూ వినాలి.