అరగంట కిందటి మాట

అనకాపల్లి బెల్లం మార్కెట్టు. కాటా పక్కన బల్ల మీద లాప్‌టాప్. మార్కెట్టు వేలం పాటని ఊళ్ళకి వీడియోలో చూపించే పావని, ఆమె దగ్గర కోడింగు నేర్చుకుంటున్న త్రినాథ్.

"అమ్మ మళ్ళీ ఫోన్ సేసింది పావనీ. మన బెల్లం దిమ్మలు ఎప్పుడు పాటకొత్తాయిరా అంటంది."

"ఎప్పుడు రావడమేటి త్రినాథ్? మీ పాట అయిపోయి అరగంటవుతోంది. టీవీలో చూడలేదా?"

"సూత్తంది. కాలికి కట్టుతో రావికమతంలో కూకుని, తొమ్మిదిన్నర నుంచీ రెప్పెయ్యకుండా సూత్తంది. మా వీధి వీధంతా మా ఇంట్లోనే ఉందట. మా ఊరి పరదేశి గారి దిమ్మలకే ఇంకా పాట జరుగుతందట."

"వాళ్ళవి మీకంటే ముందు పాడేరు కదా."

"అదే నేనూ అన్నాను. ఏటి మాయరా ఇది అంటంది."

"మాయ కాదు, నీ ప్రోగ్రామే. పొద్దున్న నేను పెట్టిచ్చినదాన్లో ఏటి మార్చేవు?"

"నేనేటీ మార్సలేదు."

"త్రినాథ్."

"కొంచెం మార్సేను. అది సరే గానీ, నేనడిగిందానికి నువ్వు జవాబు సెప్పలేదు."

"ముందు కోడు చూపించు."

"కాటా కాడ అడిగేను కదా..."

"కాటా దగ్గర అడిగేవు. కాటా దగ్గరే 'తరవాత చెప్తాను' అన్నాను. పెళ్ళి చేసుకుంటావా అంటే నిలబడ్డపాటున చెప్పీగలనా? కోడు."

"ఇదిగో. ముందు కెమెరా. పన్నెండొందల ఎనభై, ఏడొందల ఇరవై. సెకనుకి ముప్పై బొమ్మలు. నువ్వు సెప్పినట్టే ఉంది."

"సరే. తరవాత?"

"బొమ్మల్ని కుదించే లైను. తరవాత బొమ్మలు వరసలో ఆగే క్యూ. తరవాత నెట్టుకి పంపడం."

"ఆగాగు. క్యూ దగ్గర ఈ మూడు సున్నాలేటి?"

"ఎన్ని బొమ్మలు దాసుకోవాలి, ఎన్ని బైట్లు, ఎన్ని సెకన్లు అని మూడుంటాయి కదా. మూడింటికీ సున్నా పెట్టేను. సున్నా అంటే హద్దు లేదని. సదివేను."

"చదివి మరీ పెట్టేవా! నేను ఒక్క సెకనే ఉంచేను. అది దాటితే పాత బొమ్మలు పారెయ్యమని కూడా రాసేను."

"అదే నాకు నచ్చలేదు."

"ఏది?"

"పారెయ్యడం. మా బెల్లం వండే పెనంలోంచి పానకం సుక్క కింద పడితే, మా అమ్మ గరిటట్టుకుని ఎంటపడతాది. అలాటిది, పనికొచ్చే బొమ్మలు ఊరికే పారేత్తావా? మనసొప్పలేదు. ఒక్కటీ పోకుండా అన్నీ దాసీమన్నాను."

"ఓరి నీ పొదుపు తగలెయ్యా! కెమెరా సెకనుకి ముప్పై ఇస్తంది. ఇక్కడి నెట్టు ఇరవయ్యే మోస్తంది. మిగిలిన పది ఎక్కడుంటాయి?"

"క్యూలో ఉంటాయి."

"గంటన్నర నుంచీ?"

"...ఉంటాయి."

"ఆ మూటంతా వరసలో కదిలితేగానీ కొత్తది వెళ్ళదు. మీ అమ్మ చూస్తన్నది ఇప్పటి మార్కెట్టు కాదు బాబూ. అరగంట కిందటిది."

"పోనీలే, మంచిదే కదా! మా పాట ఇప్పుడొత్తాది. సావుకార్లు మా దిమ్మల రంగు సూసి ఎగబడ్డం అంతా సూత్తాది."

"చూస్తాది. ఆ తరవాత?"

"తరవాత ఏటుంది? కాటా ఏసేరు."

"కాటా దగ్గర?"

"...అమ్మో."

"కెమెరా ఎటు పెట్టేం?"

"కాటా మీదకే. అమ్మో అమ్మో! పావనీ, ఆపీయ్! ఆపి మళ్ళీ స్టార్ట్ సెయ్యి, క్యూ కాళీ అయిపోద్ది!"

"మీ పాట కూడా పోతాది. ఆవిడ వండిన బెల్లం ఇవాళ యార్డులో అందరికంటే పైన పలికింది. అది చూసుకోవాలని విరిగిన కాలుతో కూర్చుంది. ఆపీమంటావా?"

"...వద్దు. పాట సూడనీ. అయిన ఎంటనే ఆపు."

"అయిందో లేదో ఇక్కడ నాకెలా తెలుస్తాది? ఫోన్ చేసి స్పీకరు పెట్టు."

"అమ్మా! మన పాటొచ్చిందా?"

"ఒరే త్రినాథా, ఇప్పుడే అయింది నాయినా! అందరూ సూసేరు. సత్తియ్య మావ ఈలేసేడు. నాకు కళ్ళంట నీళ్ళాగడం లేదురా."

"సాలమ్మా, ఇంక టీవీ కట్టీయ్. కళ్ళు నొప్పెడతాయి."

"కట్టడమేటి, కాటా సూడొద్దా?"

"పావనీ, ఆపు! దండమెడతాను."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అడిగినందుకు ఇప్పుడు సిగ్గేస్తందా?"

"మెల్లగా మాటాడు, అమ్మ ఇంటాది. సిగ్గు కాదు. వీధంతా సూసేక నువ్వు కాదంటే, నేను ఊళ్ళోకి ఏ మొగం పెట్టుకుని ఎల్లను? భయమేత్తంది పావనీ."

"ఒరే, ఇదేటిరా! కాటా వొదిలేసి ఆ పిల్ల కాడికెల్లేవు? తల గోక్కుంటన్నావు. ఏటో అంటన్నావు. సత్తియ్యా, సౌండు పెంచు! ...మొత్తం పెంచేడు, ఏటీ ఇనబడదేటి?"

"త్రినాథ్, ఆడియో కలపలేదా?"

"...మర్సిపోయేను."

"నాలుగే నాలుగు లైన్ల కోడు!"

"బతికిపోయేను. అమ్మా, అదీ... బరువు గురించి మాటాడేనమ్మా."

"బరువు గురించైతే ఆ పిల్ల అలా తల దించుకుని నవ్వుతాదేటిరా? నీకు అబద్దం సెప్పడం ఎప్పుడూ సేతకాదు. నువ్వుండు. అమ్మా పావనీ, అక్కడున్నావా? ఈడు నిన్నేటడిగేడు? నువ్వేటన్నావు?"

"ఉన్నానండి. పెళ్ళి చేసుకుంటావా అనడిగేడు. సరే అన్నాను."