కంప్యూటర్ పిలిచిన పెళ్ళి

కూతురి పెళ్ళి దగ్గర పడ్డాక అతను ద్రాక్షారామం వచ్చి అక్క ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఆడపడుచు నోటికి జడిసి అతని భార్య కుంకుమ భరిణెతో కారులోనే ఉండిపోయింది. మేనత్త లేకుండా పిల్లని పెళ్ళికూతుర్ని చేస్తే చుట్టాల్లో తల ఎత్తుకోలేనని అతని దిగులు.

"ఫోన్లో పిలిచేను కదే."

"నువ్వా పిలిచింది?"

"నా గొంతేగా."

"గొంతు నీదేరా. మాట్లాడింది ఏదో కంప్యూటరు."

"నీకెవరు చెప్పేరు?"

"ఒకరు చెప్పాలా? ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవడానికి కాళ్ళు పడిపోయేయా అని తిట్టేను. మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు అంది. పుట్టి బుద్ధెరిగి నువ్వు నాకెప్పుడైనా ధన్యవాదాలు చెప్పేవా?"

"అన్ని గడపలూ తిరగలేక దాంతో చెప్పించేను. కాలంతో పాటు మాటలు మారవా? మన తాత మాట్లాడినట్టు మనం మాట్లాడుతున్నామా?"

"తాత ఏం మాట్లాడినా తన నోటితో మాట్లాడేడు. కన్యాదానం కూడా దాంతోనే చేయించు, నీకు నడుం నొప్పి తప్పుతుంది."

"ఇక ముందు అందరూ ఇలాగే పిలుస్తారే."

"అలాగా. అయితే చుట్టాలంతా ఫోన్లోనే భోంచేస్తారు."

అతను విసురుగా లేచి చెప్పులు వేసుకున్నాడు.

"వస్తే రా, లేకపోతే మానెయ్. ఎప్పుడు చూసినా నీ పెత్తనమే. అత్త రాకపోతే పీటల మీద కూర్చోనని పిల్ల ఏడుస్తోందని వచ్చేను గానీ, నీ మొహం చూడ్డానిక్కాదు."

ఆమె చెంగుతో నుదుటి మీద చెమట తుడుచుకుంది.

"ఇప్పటికి పిలిచేవు. మీ ఆవిణ్ణి దిగమను."