మూడు దినాలు ఊదిన పేరయ్య

తమ్ముడు ప్రేమ్ కుమార్ సబ్‌మెరైన్ ట్రైనింగుకు వెళ్లిన దగ్గర్నుంచీ భూమికకు మనసు మనసులో లేదు. హాస్టల్ వాచ్‌మన్ పేరయ్య ఒకప్పుడు వైజాగ్‌లో నేవీలో పనిచేశాడని విని, సాయంత్రం క్లాసు అవగానే తార్నాక చాయ్ బండి దగ్గర పట్టుకుంది.

“కాకా, నీళ్ల అడుగున సబ్‌మెరైన్ ఆగిపోతే లోపలోళ్లను తీస్తరా?”

“తీసుడేంది బిడ్డా, నేనే తీసిన,” అన్నాడు పేరయ్య. “ముందుగాల అది యాడున్నదో దొరకాలె గద. నీళ్లల్ల చెవి పెట్టిన. లోపలోళ్లు సుత్తెతోని గోడకు కొడుతున్నరు. గా సప్పుడు పట్టుకొని, నడుముకు తాడు కట్టుకొని దుంకిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ముప్పై నిలువులకే తాడు అయిపోయింది. ఇప్పేసి ఇంకో మూడు నూర్ల నిలువులు పోయిన. గాడ నీళ్ల బరువుకు ఇనుప డబ్బా గూడ అప్పడం లెక్క అయితది.”

భూమిక చాయ్ బల్ల మీద పెట్టి దగ్గరికి జరిగింది.

“కాపాడే చిన్న పడవ అచ్చింది. అది పై మూతకు సరిగ్గ అతకాలె, అప్పుడే మనుషులు అండ్లకు ఎక్కుతరు. సబ్‌మెరైనేమో ఒరిగిపోయింది, అతుకుతలేదు. భుజం పెట్టి ఒక్క నూకుడు నూకిన. సీదా అయింది.”

“ఒక్కనివేనా?”

“చేపలు సాయం పడతయా మరి? గంతల్నే, పడవ అతకకముందే, లోపల గాలి ఖరాబైంది. అరవై మంది, వాళ్లిడిసిన గాలే వాళ్లకు ఇషం. పైపు నోట్ల పెట్టుకొని మూడు దినాలు ఊదిన. సబ్‌మెరైన్ గాలిబుగ్గ లెక్క ఉబ్బి, సముద్రం మీదికెల్లి ఎగిరి, భీమిలి ఒడ్డున దిగింది.”

అబద్ధమని తెలుస్తూనే ఉంది. అయినా ఆ ఎగరడం దగ్గర భూమిక గుండె తేలికపడింది.

బల్ల చివర లైబ్రరీ సుధామయి గారు కూర్చుని ఉన్నారు. వాళ్లాయన పద్దెనిమిదేళ్లు సబ్‌మెరైన్లలో చేసిన మనిషి.

“ఊదుతూ వాళ్లతో మాట్లాడావా పేరయ్యా?”

“మాట్లాడకుంటెట్ల మేడం, ధైర్యం చెప్పాలె గద. పైపులకెల్లి నా ముచ్చట్లన్నీ చెప్పిన. వాళ్లు గూడ చెప్పిండ్రు.”

“మావారు వేరేగా చెప్పేవారు. అలా చిక్కుకుంటే దీపాలు తగ్గించేసి, అందరూ కదలకుండా పడుకుంటారట. మాట కూడా ఆడరట, గాలి ఖర్చవుతుందని. చీకట్లో, చలిలో, పైన ఎవరో వెతుకుతున్నారని నమ్ముకుని, రోజుల తరబడి.”

అరవై మంది మౌనం భూమిక కళ్లకు కట్టింది. అందులో తమ్ముడూ ఉన్నాడు.

“నిజంగ వెతుకుతరా మేడం?”

“వెతుకుతారమ్మా. దేశాలు దేశాలే కదిలొస్తాయి,” అన్నారామె భూమిక చెయ్యి నొక్కి. తర్వాత పేరయ్య వైపు తిరిగారు. “నువ్వు మాత్రం వెళ్లకు నాయనా. నీ ముచ్చట్లకు బదులు చెప్పేసరికే వాళ్ల గాలి అయిపోతుంది.”