మూడుసార్లు పిలిచారు

ఆ వీడియో తీసెయ్యడం కుదరదంటావేంటి తల్లీ? ఎక్కించడం వచ్చినవాళ్ళకి దించడం రాదా? ఏదో ఒక మీట ఉంటుంది కదా, నొక్కితే పోయేది. పిల్లలు ఫోన్లో ఫొటో నచ్చకపోతే అరక్షణంలో పీకి పారేస్తారు!

ఏంటీ, నీ చేతుల్లో లేదా? ఏలూరు కలెక్టరాఫీసు నుంచి పెట్టారా? చూడు కీర్తీ, నువ్వు రోజూ హనుమాన్ జంక్షన్ నుంచి రెండు బస్సులు మారి మా ఊరి సచివాలయానికొచ్చి ఆ కంప్యూటర్ ముందు కూచుంటావు. నీ మీద నాకేం కోపం లేదు. కానీ మా ఊరి మీటింగుని, మా మొహాల్ని, ప్రపంచం మొత్తానికీ చూపించడం ఏం న్యాయం చెప్పు?

వీడియో తీస్తున్నామని బోర్డు పెట్టారా? పెట్టే ఉంటార్లే. ఈమధ్య అన్నీ పెడుతున్నారుగా. ఆ గోడ చూడు, సున్నం కనపడకుండా కాగితాలే. పింఛన్ల జాబితా, ఇళ్ళ జాబితా, దాని కింద ఆ నల్లచుక్కల చదరం. ఫోన్ చూపిస్తే మొత్తం వచ్చేస్తుందంట. ఇదివరకు అన్నీ దాచేస్తున్నారని తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు తిట్టుకోడానికి కూడా ఏమీ మిగల్చలేదు!

నవ్వకు. నేను నవ్వులాటకి రాలేదు.

నువ్వు ఈ ఊరొచ్చి పదిహేను రోజులేగా, ఆ మీటింగు సంగతి నీకు తెలీదు. మా తోటల వెనకాల కొండ ఉంది చూశావా? దాన్ని పిండి చేసి కంకర అమ్ముకుంటానని నూజివీడు పాండురంగారావు కొడుకు శ్రీధర్ అర్జీ పెట్టుకున్నాడు. క్రషర్ పెడతాడంట. ఆ దుమ్ము లేచి మామిడి పూత మీద పడిందంటే ఇక పిందె నిలుస్తుందా? నాలుగు రోజులు మంచు ఎక్కువ కురిస్తేనే పూత మాడిపోతుంది. అలాంటిది రాతి దుమ్ము!

గవర్నమెంటు వాళ్ళు ఊరికే ఊఁ అనలేదులే, అబద్ధమెందుకు. పేపర్లో వేశారు. నెల గడువిచ్చారు. జనం ఏమంటారో విన్నాకే పర్మిషన్ అన్నారు. శ్రీధర్ ఎవరితోనో రాయించుకొచ్చిన నూటనలభై పేజీల రిపోర్టు కూడా ఇదిగో, ఈ బల్ల మీదే పెట్టారు, ఎవరైనా చదువుకోమని. ఎవరు చదివారనుకున్నావ్? ఊరు మొత్తానికి ఒక్కడు. మా గట్టు పక్క తోట సవరయ్య బాబాయి. డెబ్భై రెండేళ్ళు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, రోజూ భోజనం చేసొచ్చి, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. తొమ్మిదో రోజున రొప్పుకుంటూ మా తోటకొచ్చి, "మనం లేమే అమ్మాయ్!" అన్నాడు.

లేకపోవడమేంటి బాబాయ్ అన్నాను. కొండ చుట్టూ ఉన్నదంతా బీడు భూమి, ముళ్ళపొదలు అని రాశారంట. మ్యాపు కూడా గీశారంట. నా చిన్నరసాలు, ఆయన బంగినపల్లి, ఆ చివర కలెక్టర్ కాయలు... అరవై ఎకరాల తోటలమ్మా, ఒక్క చెట్టు లేదంట అందులో!

గొడవేం అక్కర్లేదన్నాడు బాబాయి. మీటింగుకి పెద్దాఫీసర్లు వస్తారు, ఎవరేమన్నా పొల్లు పోకుండా రాస్తారు. మైకు ముందు నిలబడి, ఇది బీడు కాదు, ఇక్కడ తోటలున్నాయి అని ఒక్క ముక్క చెబితే చాలు, మళ్ళీ వచ్చి కొలవక తప్పదు. అడగందే అమ్మైనా పెట్టదు సీతా, అన్నాడు.

తీరా మీటింగు నాలుగు రోజులుందనగా, ఎండుకొమ్మలు కొడుతూ నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ వయసులో నిచ్చెనెక్కడమేంటి అంటే వింటాడా! విజయవాడ తీసుకెళ్ళారు. అంబులెన్సు ఎక్కిస్తుంటే, అంత నొప్పిలోనూ జేబులోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. నువ్వు చదువు, నీ పేరు రాయించమని చెప్పాను అన్నాడు.

ఇదిగో, ఆ కాగితమే. మడతల దగ్గర చిరుగుతోంది గానీ అక్షరాలు బానే ఉన్నాయి.

నన్నే ఎందుకంటే ఏం చెప్పను? మా ఆయన చనిపోయిన ఏడాది తోట అమ్మేద్దామని బేరం కూడా పెట్టాను. మందు ఎప్పుడు కొట్టాలో, నీళ్ళు ఎప్పుడు ఆపాలో నాకేం తెలుసు? సవరయ్య బాబాయే రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి, ఇవాళ ఇది చెయ్యి, రేపు అది చెయ్యి అంటూ రెండేళ్ళు నడిపించాడు. నేనేమీ అడక్కుండానే. అలాంటి మనిషి మొదటిసారి నన్నొకటి అడిగాడు.

సరే, ఆ వీడియో పెట్టు. ఎలాగూ తియ్యలేవుగా, నువ్వూ చూడు. నలభై ఒకటో నిమిషం దగ్గరికి జరుపు. నాకెలా తెలుసా? నిన్నటి నుంచి పన్నెండుసార్లు చూశాను. పిచ్చిదాన్ని కాకపోతే, ఈసారైనా లేస్తానేమోనని చూడటమేంటి!

అదిగో, మూడో వరస, ఆకుపచ్చ చీర. పిలుస్తున్నారు విను. "శ్రీమతి సీతారావమ్మ గారు, మైకు దగ్గరికి రండి." ఒకటి. చూశావా, వంగి చెప్పు వెతుక్కుంటోంది. చెప్పు కాలికే ఉంది! రెండు. పక్కావిడ చెవిలో ఏదో ఊదుతోంది. మూడు. ఆ ఆఫీసరు పాపం, తలెత్తి జనాన్నంతా చూశాడు, కాసేపు ఆగాడు కూడా. "సీతారావమ్మ గారు రాలేదా?" అన్నాడు. నేనూ అటూ ఇటూ చూశాను తల్లీ, ఆవిడెవరో ఇంకా రాలేదన్నట్టు!

బెదిరించారా? ఎవరూ బెదిరించలేదు, ఒట్టు. ముందు వరసలో పాండురంగారావు కూచున్నాడు, అంతే. ఈ చుట్టుపక్కల తోటల కాపంతా ఏటా పూత మీదే కొనేసేది ఆయనే. కాపలా ఆయన మనుషులే, కోత ఆయన మనుషులే, లారీ ఆయనదే. ఆయన వద్దన్న తోటలోకి విస్సన్నపేట నుంచి కూడా ఇంకో షావుకారు అడుగు పెట్టడు. కాయ చెట్టునే పండి రాలిపోవాల్సిందే. నేను టెంటులోకి వస్తుంటే వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా, "ఏం అక్కయ్య గారూ, ఈ ఏడు పూత బాగుందా?" అన్నాడు.

అంతే అన్నాడమ్మా. పూత బాగుందా అని. బాగుందండీ అన్నాను. ఇక అక్కణ్ణుంచి కుక్కిన పేనులా కూచున్నాను.

మిగతావాళ్ళ మాట ఎత్తకు, నాకు ఒళ్ళు మండుతుంది! టెంటు కింద రెండొందల మంది. మాట్లాడింది పదకొండు మంది. తొమ్మిది మంది శ్రీధర్ బాబు వల్ల ఉద్యోగాలొస్తాయన్నారు. ఒకాయన రోడ్డు వెయ్యమన్నాడు. ఇంకొకాయన కోతుల బెడద గురించి మాట్లాడాడు. కోతులంట! తోటలే లేవని రాస్తే, ఆ కోతులు ఏం తినడానికొస్తున్నాయో అడిగినవాడు లేడు. ఆ తర్వాత అందరం పులిహోర పొట్లాలు తీసుకున్నాం. నేనూ తీసుకున్నాను.

ఆపకు, ఇంకొంచెం పోనీ. శ్రీధర్ మాట్లాడి కూచున్నాడా? ఇప్పుడు చూడు ఆకుపచ్చ చీరని. అవును, చప్పట్లే. అందరూ కొడుతుంటే నేనొక్కదాన్నే చేతులు ముడుచుకుంటే కనపడిపోతానేమోనని కొట్టాను. ఛీ!

అది చాలదన్నట్టు, సాయంత్రం ఆసుపత్రి నుంచి బాబాయి ఫోను. చదివావా సీతా అన్నాడు. చదివాను బాబాయ్ అన్నాను. వణికావా అన్నాడు. మొదట వణికాను, తర్వాత సర్దుకున్నాను అన్నాను. జనం ఏమన్నారు అన్నాడు. చప్పట్లు కొట్టారు బాబాయ్ అన్నాను! మైకు ముందు పెగలని నోరు, ఫోన్లో ఎంత బాగా పెగిలిందో చూడు. అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. వార్డులో నర్సులందరికీ చెప్పాడంట, మా సీత మైకులో మాట్లాడిందని.

రేపు ఇంటికి పంపించేస్తున్నారు ఆయన్ని. మనవరాలు రోజాతో అప్పుడే అన్నాడంట, ఆ వీడియో వెతికి పెట్టమ్మా, మంచమెక్కగానే చూస్తానని. ఇప్పుడర్థమైందా ఎందుకు తియ్యమంటున్నానో?

ఏంటది? మినిట్సా? మీటింగులో ఎవరేమన్నారో రాసిందా? చదువు. "సీతారావమ్మ, అభ్యంతరం తెలుపలేదు." ఆహా! ఏం తప్పు రాశారని పోట్లాడను? ఉన్నదే రాశారు. వాళ్ళు దాచేసి ఉంటే, వాళ్ళని నాలుగు తిట్టి హాయిగా పడుకునేదాన్ని.

ఆఁ? ఇంకా టైముందా? ఇవాళ ఐదింటి లోపు రాసిచ్చింది కూడా అందులో చేరుతుందా? తోటలున్నాయని చేరిస్తే కొలవడానికి వస్తారా? నిజంగా?

కొట్టు తల్లీ, కొట్టు! ఈ మాట ముందే చెప్పొద్దూ! నేను చదువుతాను, నువ్వు కొట్టు. "కొండకి తూర్పున, దక్షిణాన ఉన్నది బీడు భూమి కాదండీ. అరవై ఎకరాల మామిడి తోటలు. ముప్పై ఏళ్ళ చెట్లు. దయచేసి ఒక్కసారి వచ్చి చూడండి." ఎంత మర్యాదగా రాశాడో చూశావా? అయిందా? కింద నా పేరు కొట్టు. ఆధార్ ఇదిగో.

ఒక్క నిమిషం. ఇది కూడా ఆ గోడకి అంటిస్తారా? నెట్లో కూడానా? పేరుతోనా?

"ఒక రైతు" అని పెట్టకూడదా? కుదరదా?

పోనీ సవరయ్య బాబాయి పేరు పెట్టు. రాసింది ఆయనేగా, ఆయనకి భయం కూడా లేదు. ఏంటీ, ఓటీపీ ఆయన ఫోనుకెళ్తుందా? అమ్మో, వద్దు వద్దు! మళ్ళీ ఎందుకు పంపుతున్నావని అడగడూ?

గడియారం వైపు చూడకమ్మా, తెలుసు నాకు. ఎల్లుండి పాండురంగారావు మనుషులు పిందె చూడటానికొస్తున్నారు. నాకున్నది ఆ తోటొక్కటే.

అవును, ఆ దుమ్ము పడితే అదీ ఉండదు. నాకు తెలీదా? నువ్వు చెప్పాలా?

చెరిపెయ్యి. ఇప్పుడు కొట్టింది చెరిపెయ్యి తల్లీ. ఆ మీట మాత్రం నీ దగ్గరే ఉంటుందిగా.

అలా చూడకు. ఆ ఆఫీసరు మూడుసార్లు పిలిచాడు, నాలుగోసారి నువ్వు పిలిచావు. సీతారావమ్మ రాలేదని రాసుకో.