కుముద్ వదిలేసిన కాకరకాయ

అబ్బ, ఆ పలక కోసం అలా తడుముకోకండి మహారాజ్! నేనే తీసి దత్తాత్రేయుడి పటం వెనక పెట్టాను. నేను చెప్పేది అయ్యాక ఇస్తానుగా! చేతికి పలక దొరికితే రెండు ముక్కలు రాసి నా నోరు మూయించేస్తారు. పాతికేళ్ల నుంచీ చూస్తున్నాను, నాకు తెలీదూ?

ఇవాళ పొద్దున్నే మీ మౌనం మొదలైంది. ఇక నాలుగు నెలలు పెదవి విప్పరు. అందుకే ఇవాళ వచ్చాను. నిన్న చెప్పి ఉంటే తిట్టేవారు కదా!

కాళ్లు ఇలా పీట మీద పెట్టండి. నీళ్లు మరీ వేడిగా లేవుగా? బయట జనం అప్పుడే కృష్ణ ఒడ్డు దాకా వరస కట్టారు. తలుపు తియ్యగానే అందరి ముందూ మీ పాదాల మీద తొలి చెంబు నేను పొయ్యాలట. నిన్న సాయంత్రం మీరే అన్నారు, "ఈ గురుపూర్ణిమకి తొలి చెంబు కుముద్‌ది" అని. ఎందుకూ? ఏడాది పాటు మాట తప్పనందుకు!

పోయిన పూర్ణిమకి తలా ఒక ఇష్టమైనది మీ పాదాల దగ్గర వదిలేశాం కదా, ఏడాది ముట్టకూడదని. జోషీ గారు పొగాకు వదిలేసి పదకొండో రోజుకే మళ్లీ అందుకున్నారు. మా తోడికోడలు వైజయంతి టీ వదిలేసింది. నేను కాకరకాయ వదిలేశాను.

మహారాజ్... అసలు నాకు కాకరకాయంటేనే పడదండీ.

బుద్ధెరిగాక తిన్నదే లేదు. చిన్నప్పుడు మా అమ్మ నోట్లో కుక్కితే రుబ్బురోలు వెనక్కెళ్లి ఉమ్మేసేదాన్ని.

నవ్వకండి! మౌనంలో నవ్వొచ్చా అసలు?

పాపం, ప్రాణం మీదికొచ్చింది మా ఆయనకి. ఆయనకి కాకరకాయ లేనిదే ముద్ద దిగదు. "నేను వదిలేశాక ఇంట్లో అది తరగనండీ" అనేశాను. ఏడాదంతా పక్కింట్లో తమ్ముడి దగ్గరికెళ్లి వైజూ చేతి వేపుడు తినొచ్చారు. వచ్చి నా ముందు త్రేన్చేవారు కూడానూ.

ఇంతేనా అంటారా? ఇంతే అయితే పలకెందుకు దాస్తాను?

వైజూ రోజుకి ఆరు కప్పులు తాగే మనిషి. ఒక్కసారిగా మానేసింది. తలపోటుతో గిలగిల్లాడింది, అయినా ఎనిమిది నెలలు గుక్క ముట్టలేదు. మన వాయీ ఊళ్లో ఎక్కడ విన్నా వైజయంతి పట్టుదలే! నాకు ఒళ్లు మండిపోయింది. నా కాకరకాయని ఒక్కరూ మెచ్చుకోలేదు మరి!

మా రెండిళ్లకీ మధ్య ఒక్కటే గోడ. రోజూ పొద్దున్నే అల్లం దంచి, కిటికీ తెరిచి టీ మరిగించేదాన్ని. అవును, కావాలనే. వాసన అటు పోవాలని కొంగుతో విసిరేదాన్ని కూడా.

దానికీ లొంగలేదు. ఫాల్గుణంలో జ్వరమొచ్చి తల ఎత్తలేకపోయింది. నేనే వెళ్లాను. "కషాయం తెచ్చానే, కళ్లు మూసుకుని తాగెయ్" అన్నాను.

అది టీ, మహారాజ్. పాలు పొయ్యకుండా, గుర్తు పట్టకూడదని మిరియాలు దంచేసి పట్టుకెళ్లాను. సగం తాగి కప్పు పక్కన పెట్టింది.

నిన్న అందరి ముందూ లేచి "నేను టీ తాగాను, మాట తప్పాను" అంది. ఎవరిచ్చారో చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు. చెప్పి ఉంటే పోట్లాడి గెలిచేదాన్ని! ఆ వెనకే నేను లేచి "ఏడాదిలో ఒక్క ముక్క ముట్టలేదు" అన్నాను. మీరు శభాష్ అన్నారు. ఆ శభాష్ ఇంకా గొంతు దిగలేదు నాకు. సిగ్గేస్తోంది మహారాజ్.

అయ్యో, తలుపు కొడుతున్నారు. ఉండండర్రా, వస్తున్నా! ఇప్పుడేం చెయ్యను? మీ మౌనంలో కాస్త నాకూ పెట్టకూడదూ, ఈ ఒక్క పూటకి?

తల అడ్డంగా ఊపుతున్నారేం?

సరే. తలుపు తీస్తున్నాను.

వైజూ! ఇలా రావే. నిన్నే, ముందుకి రా. ఈ చెంబు పట్టుకో. ఎందుకేమిటి? అందరూ వినండి. ఆ రోజు జ్వరంలో దీనికి నేనిచ్చింది కషాయం కాదు, టీ. తెలిసే ఇచ్చాను.

ఏమన్నావే? మొదటి గుక్కలోనే తెలిసిందా? మరి సగం కప్పు ఎందుకు తాగావు?

విన్నారా మహారాజ్? ఇది కాపురానికొచ్చిన పద్నాలుగేళ్లలో నేను దీనికోసం ఏదైనా కాచి తేవడం అదే మొదటిసారట. వద్దని ఎలా అంటానక్కా అంటోంది. మిరియాలు మాత్రం ఎక్కువయ్యాయట!

పొయ్యవే తల్లీ, నువ్వే పొయ్యి. ఎడమ బొటనవేలికి ఆనెకాయ ఉంది, గట్టిగా రుద్దకు.

మీరేం నవ్వుతారు లెండి మహారాజ్, మీకేం! ఇలాంటి మనిషిని గోడకవతల పెట్టుకుని ఇక నేను ఎవరితో పోట్లాడి బతకాలి?